కంపెనీ డబ్బుతో మీ లాయరు

మీటింగ్‌కు పెట్టిన పేరు "క్విక్ చాట్". పదిహేను నిమిషాలు. క్యాలెండర్ తెరిచి చూస్తే మేనేజర్ పేరు కింద హెచ్‌ఆర్ అమ్మాయి పేరు కూడా ఉంది. ఆ మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్న పులిహోర మూత తీయకుండానే సాయంత్రం ఇంటికి వెనక్కి వచ్చింది.

2024 అక్టోబరు, ఒక గురువారం. ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మా ఆఫీసు మూడో అంతస్తు. ఆ అమ్మాయి కూర్చుంటూనే "ఇది ప్రొటెక్టెడ్ కాన్వర్సేషన్" అంది. నా రోల్ రిడండెంట్ అవుతోందట, అంటే ఇక ఆ పనే అక్కర్లేదట, కంపెనీ నాతో సామరస్యంగా విడిపోవాలనుకుంటోందట. పదకొండు పేజీల కాగితం బల్ల మీంచి నా వైపు జరిపింది. పైన సెటిల్‌మెంట్ అగ్రిమెంట్ అని ఉంది. "పది రోజులు టైముంది. ఈలోగా ఒక సొలిసిటర్‌తో మాట్లాడుకోండి. ఆ ఫీజుకు 400 పౌండ్లు, ఆపైన వ్యాట్ మేమే కడతాం" అంది.

ఉద్యోగం పోతోందన్న మాట కంటే ఆ ఆఖరి మాటే బుర్రలో ఎక్కువ తిరిగింది. నన్ను బయటికి పంపేవాళ్లు, లాయర్ని పెట్టుకోమని నాకే డబ్బెందుకిస్తున్నారు? మా నాన్న అయితే "ఊరికే ఇచ్చే డబ్బులో ఏదో తిరకాసు ఉంటుందిరా" అనేవాడు.

ఆ సెటిల్‌మెంట్ అనే మాట కూడా నన్ను తికమక పెట్టింది. మన సినిమాల్లో సెటిల్‌మెంట్ అంటే నాలుగు సుమోలు, ఒక పెద్ద కుర్చీ, అందులో ఒక మీసం. పెళ్లి సంబంధాల్లో అబ్బాయి సెటిలయ్యాడంటే ఉద్యోగం, ఫ్లాటు. ఇంగ్లండ్ వచ్చాక వీసా భాషలో సెటిల్‌మెంట్ అంటే శాశ్వత నివాసం. ఇప్పుడు ఉద్యోగం పోయేటప్పుడూ అదే మాట. రాత్రి తెలుగు వాట్సాప్ గ్రూపులో "మా ఫ్రెండ్‌కి ఇలా వచ్చింది" అని అడిగాను. అరగంటలో ముప్పై సలహాలు వచ్చాయి. సంతకం పెట్టొద్దు, కేసెయ్యి అని ఒకరు. వచ్చింది తీసుకుని ఇంకో జాబ్ చూసుకో అని ఇంకొకరు. "లాయరంతా ఫార్మాలిటీ తమ్ముడూ, ఎవరో ఒకరు సంతకం పెడతారు" అని ఒక పెద్దాయన.

పెద్దాయన చెప్పింది సగం నిజమే. రెండో సగం నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

ఆ 400 పౌండ్లు ఎందుకు

బ్రిటన్‌లో ఉద్యోగి తన చట్టపరమైన హక్కుల్ని మామూలు సంతకంతో వదులుకోలేడు. "నన్ను అన్యాయంగా తీసేశారని ఉద్యోగ వివాదాల ట్రైబ్యునల్‌కు వెళ్లను" అని ఎంత మందపాటి కాగితం మీద రాయించుకున్నా చెల్లదు. 1996 నాటి ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ యాక్ట్ 203వ సెక్షన్ ఆ తలుపు మూసి, ఒకటి రెండు చిన్న కిటికీలు తెరిచి ఉంచింది. అందులో ఒకటి సెటిల్‌మెంట్ అగ్రిమెంట్. 2013 జూలై దాకా దాని పేరు కాంప్రమైజ్ అగ్రిమెంట్. వివక్షకు సంబంధించిన హక్కుల విషయంలో ఇదే ఏర్పాటు 2010 నాటి ఈక్వాలిటీ యాక్ట్‌లోనూ ఉంది.

ఆ కిటికీ తెరుచుకోవాలంటే కొన్ని షరతులున్నాయి. ఒప్పందం రాతలో ఉండాలి. ఏయే ఫిర్యాదుల్ని వదులుకుంటున్నారో చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఉద్యోగి ఒక స్వతంత్ర సలహాదారు దగ్గర సలహా తీసుకుని ఉండాలి, ఆ సలహాదారుకు వృత్తి బీమా ఉండాలి, ఆయన పేరు కాగితంలో ఉండాలి. అంటే మీ లాయరు లేనిదే ఆ పదకొండు పేజీలు కంపెనీకి చిత్తుకాగితాలతో సమానం. మీరు డబ్బు తీసుకుని కూడా మర్నాడు ట్రైబ్యునల్ మెట్లెక్కొచ్చు. అందుకని వాళ్లు మీ లాయరు ఖర్చు భరిస్తారు. భరించాలని చట్టంలో లేదు, అది ఆనవాయితీ. సాధారణంగా 250 నుంచి 500 పౌండ్ల దాకా, ఆపైన వ్యాట్ ఇస్తారు. పెద్ద ఉద్యోగాలకూ చిక్కుముడి కేసులకూ ఇంకా ఎక్కువ ఇస్తారు. దాన్ని నేరుగా సొలిసిటర్‌కే కడతారు కాబట్టి మీకు పన్ను పడదు.

ఈ సంగతి తెలిశాక నా భయం కొంత తగ్గింది. మీ లాయరు అవసరం మీకెంత ఉందో కంపెనీకీ అంతే ఉంది. ఇక్కడే పెద్దాయన సగం నిజం గుర్తు పెట్టుకోవాలి. ఒప్పందంలోని షరతులేమిటో, వాటివల్ల ట్రైబ్యునల్‌కు వెళ్లే దారి ఎలా మూసుకుపోతుందో చెప్పమని మాత్రమే చట్టం సలహాదారును అడుగుతుంది. ఇది మంచి బేరమా కాదా అని చెప్పమనదు. కాబట్టి చట్టం దృష్టిలో ఒక్కటే అయినా, మీ జేబు దృష్టిలో రెండు రకాల లాయర్లున్నారు. ఒకరు సంతకం పెట్టే లాయరు, ఇంకొకరు చదివే లాయరు.

నాకు ఇద్దరూ తగిలారు.

రెండు ఫోన్లు

మొదటాయన "అదే రోజు సంతకం" అన్న ప్రకటనతో దొరికాడు. ఫీజు సరిగ్గా కంపెనీ ఇచ్చేంతే. ఫోను పన్నెండు నిమిషాలు సాగింది. మూడో క్లాజులో ఇది, ఏడో క్లాజులో అది అని గుడిలో పూజారి గోత్రనామాలు చదివినంత వేగంగా చదివేశాడు. "ఈ డబ్బు న్యాయమేనా?" అని అడిగాను. "అది మీ సొంత నిర్ణయం" అన్నాడు. ఆయన మోసగాడేమీ కాదు. చట్టం అడిగిన పని చేశాడు. నేను ఇంకా సంతకం పెట్టలేదు కాబట్టి, ఆలోచించుకుంటానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

రెండో ఆవిడ ఆఫీసు ఒక బేకరీ పైన, రెండు గదులు. మాట్లాడకముందే కాగితాలు అడిగింది: ఉద్యోగంలో చేరినప్పటి కాంట్రాక్టు, ఆఖరి మూడు పేస్లిప్పులు, బోనస్ స్కీము, షేర్ల కాగితం, మేనేజర్‌తో ఆరు నెలల మెయిళ్లలో ముఖ్యమైనవి. మర్నాడు ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న "మీ నోటీసు ఎంత?" అని. ఎంతిస్తున్నారు అని కాదు.

ఇప్పుడు అంకెల్లోకి వెళ్దాం. ఈ అంకెలు నావి కావు. నా ఒప్పందంలో రహస్య నిబంధన ఉంది కాబట్టి మార్చాను. లెక్క తీరు మాత్రం అదే.

జీతం ఏడాదికి 54,000 పౌండ్లు, నెలకు 4,500. సర్వీసు నిండా ఐదేళ్లు. నోటీసు మూడు నెలలు. ఒప్పందంలో "ఉద్యోగ ముగింపు చెల్లింపు, నోటీసుతో సహా, 20,000 పౌండ్లు" అని ఉంది. 30,000 దాకా పన్ను లేదని గ్రూపులో అందరూ చెప్పారు కాబట్టి ఇరవై వేలూ చేతికొస్తాయని నేను లెక్క వేసుకున్నాను. ఊళ్లో ఇంటి లోను కొంత తీర్చేద్దామని కూడా అనుకున్నాను.

ఆవిడ లెక్క ఇలా సాగింది. మూడు నెలల నోటీసు జీతం 13,500. అది కాంట్రాక్టు ప్రకారం మీకు ఎలాగూ రావాల్సింది, దాని మీద పన్నూ నేషనల్ ఇన్సూరెన్సూ పడతాయి. 2018 ఏప్రిల్ నుంచి నోటీసు డబ్బుకు ఏ పేరు పెట్టినా పన్ను తప్పదు. ఇక రోల్ రిడండెంట్ అంటున్నారు కాబట్టి చట్టబద్ధమైన రిడండెన్సీ చెల్లింపు ఉంటుంది. 22 నుంచి 41 ఏళ్ల లోపు వయసులో చేసిన ప్రతి పూర్తి ఏడాదికీ ఒక వారం జీతం, కానీ వారానికి పరిమితి ఉంది. 2024 ఏప్రిల్ నుంచి అప్పట్లో ఆ పరిమితి 700 పౌండ్లు. ఐదేళ్లకు 3,500. అదీ ఎలాగూ రావాల్సిందే.

"ఇరవై వేలలోంచి ఈ రెండూ తీసేయండి" అంది.

మూడు వేలు మిగిలాయి. ఐదేళ్ల హక్కులన్నీ వదులుకోడానికి కంపెనీ నాకిస్తున్న అసలు ధర అది. అలా అదనంగా ఇచ్చేదాన్ని ఇక్కడా ఎక్స్‌గ్రేషియా అనే అంటారు, మన పేపర్లలో బస్సు ప్రమాద బాధితులకు ప్రకటించే మాటే. నేను కూడా ఆ రోజు ఏదో ప్రమాదంలోంచి బయటపడ్డవాడిలాగే ఫోన్ పట్టుకుని వంటింట్లో నిలబడ్డాను.

సంతకం పెట్టే లాయరు ఈ లెక్క వేయకూడదని ఎక్కడా లేదు. 400 పౌండ్లలో పన్నెండు నిమిషాలే వస్తే వేయడు, అంతే.

ఎక్కడ వెతకాలి

అన్నిటికంటే ముందు మీరు ఏదైనా యూనియన్‌లో సభ్యులా అని గుర్తు చేసుకోండి. మన ఐటీ వాళ్లకు యూనియన్ అంటే సింగరేణో ఆర్టీసీయో గుర్తొస్తుంది కానీ, ఇక్కడ యునైట్, ప్రాస్పెక్ట్ లాంటి వాటిలో ఆఫీసు ఉద్యోగులూ చేరతారు. డాక్టర్లకు బీఎంఏ, నర్సులకు ఆర్‌సీఎన్ ఉన్నాయి. యూనియన్ లిఖితపూర్వకంగా అధికారమిచ్చిన ప్రతినిధి కూడా చట్టం దృష్టిలో స్వతంత్ర సలహాదారే. లాయరే కానక్కర్లేదు. ఉచిత సలహా కేంద్రంలో అలా అధికారం పొందిన వ్యక్తీ పనికొస్తాడు, కాకపోతే ఆయన మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు.

ఇంటి బీమా పాలసీ ఒకసారి తీసి చూడండి. చాలా పాలసీల్లో లీగల్ ఎక్స్‌పెన్సెస్ అనే చిన్న భాగం ఉంటుంది. సెటిల్‌మెంట్ అగ్రిమెంట్‌కు వర్తిస్తుందో లేదో ఒక ఫోన్‌తో తేలుతుంది.

ఆ తర్వాతే సొలిసిటర్. మనకు బారిస్టరు అనే మాట తెలుసు, ప్రకాశం పంతులు గారు లండన్ వచ్చి చదివింది అదే. బారిస్టరు కోర్టులో వాదించేవాడు. మీ బల్ల దగ్గర కూర్చుని కాగితం చదివేది సొలిసిటర్. ఇంగ్లండ్, వేల్స్‌లో లా సొసైటీ వాళ్ల "ఫైండ్ ఎ సొలిసిటర్" జాబితాలో ఊరు పేరు, ఎంప్లాయ్‌మెంట్ అన్న విభాగం ఇచ్చి వెతకొచ్చు. దొరికిన పేరును సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ రిజిస్టర్‌లో సరిచూసుకోండి, రెండు నిమిషాల పని. స్కాట్లండ్‌లో ఉంటే అక్కడి లా సొసైటీ వేరే. ఉద్యోగ చట్టం మీదే పనిచేసే లాయర్లకు ఎంప్లాయ్‌మెంట్ లాయర్స్ అసోసియేషన్ అనే సంఘం ఉంది. అందులో సభ్యులైతే మంచి సూచనే. ఉద్యోగ వివాదాల్లో రాజీ కుదిర్చే ప్రభుత్వ సంస్థ ఏకాస్ హెల్ప్‌లైన్ ఉచితం, ఓపిగ్గా వివరిస్తారు, కానీ మీ ఒప్పందం మీద సంతకం వాళ్లు పెట్టరు.

మనవాళ్లు చేసే ఒక పొరపాటు నేనూ చేయబోయాను. ఇల్లు కొన్నప్పుడు కాగితాలు చూసిన సొలిసిటర్ మన తెలుగాయనే, చక్కగా మాట్లాడతాడు, ఆయన్నే అడుగుదామనుకున్నాను. ఆయన సంతకం చట్టప్రకారం చెల్లుతుంది. కానీ పంటి నొప్పికి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లినట్టుంటుంది. ఆయనే మర్యాదగా "నేను ఇళ్లు చూస్తానండీ, ఉద్యోగాలు కాదు" అని తప్పుకున్నాడు. ఆ ఒక్క మాటకు ఆయనంటే నాకు గౌరవం పెరిగింది.

కంపెనీ మీకో జాబితా ఇవ్వొచ్చు, ఈ నలుగురిలో ఎవరి దగ్గరికైనా వెళ్లండని. అది తప్పేం కాదు. ఆ ఒప్పందంలో కంపెనీ తరఫున పనిచేస్తున్న లాయరు కాకపోతే చాలు. అయినా మీరే వెతుక్కోండని నా మాట. తమ దగ్గరికి ఏటా పది మందిని పంపించే కంపెనీతో గట్టిగా మాట్లాడటానికి ఎవరికైనా కాస్త మొహమాటం ఉంటుంది.

అడగాల్సినవి, దాచకూడనివి

మొదటి ఫోన్‌లో నేను అడిగిన ప్రశ్నల్లో పనికొచ్చినవి మూడే. మీరు ఎక్కువగా ఉద్యోగుల వైపు చూస్తారా, కంపెనీల వైపా? ఈ కాగితాలు చదివేది మీరేనా, జూనియరా? ఫిక్స్‌డ్ ఫీజంటున్నారు, అందులో బేరం ఆడటం కూడా ఉందా, చదివి సంతకం పెట్టడమేనా? మూడోదానికి సూటిగా జవాబు రాకపోతే ఇంకొకరిని చూసుకోండి. బేరానికి గంట లెక్క అయితే గంటకెంతో మెయిల్‌లో రాయించుకోండి. సొలిసిటర్లు సమయాన్ని ఆరు నిమిషాల ముక్కలుగా లెక్కేస్తారు. మనం "నమస్కారం, బాగున్నారా, వాతావరణం ఎలా ఉంది" అనేసరికి ఒక ముక్క అయిపోతుంది. కొందరు అదనంగా తెప్పించిన డబ్బులో వాటా అడుగుతారు. ట్రైబ్యునల్‌కు వెళ్లే తరహా ఉద్యోగ వివాదాల్లో అలాంటి వాటా వ్యాట్‌తో కలిపి 35 శాతానికి మించకూడదని నియమం ఉంది.

ఇంకో సంగతి. మనకు కథ మొదటి నుంచీ చెప్పే అలవాటు. చేరిన రోజుల్లో మేనేజర్ ఎంత మంచివాడో, తర్వాత కొత్తవాడొచ్చి ఎలా మారిందో. ఆవిడ నన్ను మధ్యలోనే ఆపి, "ఒక పేజీలో తేదీలు రాసి పంపండి, మిగతాది నేను అడుగుతాను" అంది. చేరిన తేదీ, ఆఖరి అప్రైజల్, జబ్బు సెలవులు, మొదటి హెచ్చరిక, ఆ గురువారం మీటింగ్. పేజీ రాస్తుంటే నాకే కొన్ని విషయాలు మొదటిసారి కనిపించాయి. చిన్నదనుకున్న సంగతి కూడా రాయాలి. నాకు తెలిసిన ఒకమ్మాయి ప్రసూతి సెలవు నుంచి వచ్చిన నెలకే ఇలాంటి కాగితం అందుకుంది. సెలవు సంగతి లాయరుకు చెప్పనే లేదు, "దానికీ దీనికీ సంబంధమేముంది" అనుకుందట. సంబంధం ఉంది. వివక్ష ఫిర్యాదులో పరిహారానికి ఇక్కడ గరిష్ఠ పరిమితి లేదు. అంతేకాదు, హెచ్‌ఆర్ ముందుగా ఉచ్చరించే ఆ "ప్రొటెక్టెడ్ కాన్వర్సేషన్" మంత్రం, అంటే అక్కడ అన్న మాటల్ని ట్రైబ్యునల్‌లో సాక్ష్యంగా వాడకూడదన్నది, మామూలు అన్యాయపు తొలగింపు కేసులోనే పనిచేస్తుంది, వివక్ష కేసుకు ఆ కవచం లేదు. యాసను వెక్కిరించిన మాట, గర్భం, అనారోగ్యం, కంపెనీలో తప్పు జరుగుతోందని మీరు రాసిన మెయిల్, ఏదున్నా ముందే చెప్పండి. అది బేరాన్ని మార్చేస్తుంది.

ఈలోగా ఒక పని మాత్రం చేయకండి. హైదరాబాద్‌లో హెచ్‌ఆర్ "పేపర్లు పెట్టేయండి" అంటే గౌరవంగా పోదామని రాజీనామా ఇచ్చి వచ్చేయడం మనకు అలవాటు. ఇక్కడ సంతకాలు కాకముందే రాజీనామా ఇస్తే రిడండెన్సీ డబ్బూ పోతుంది, బేరంలో మీ బలమూ పోతుంది. పది రోజులు మీవి. ఆ పది క్యాలెండర్ రోజులు కనీస గడువుగా ఏకాస్ నియమావళిలోనే ఉంది. మా లాయరు ఒక్క మెయిల్ రాస్తే మాకు ఇంకో వారం దొరికింది.

గడువంటే ఇంకోటి కూడా ఉంది, బేరం మత్తులో దాన్ని మర్చిపోతారు. ట్రైబ్యునల్‌కు వెళ్లాలంటే ఉద్యోగం ముగిసిన నాటి నుంచి ఒక్క రోజు తక్కువ మూడు నెలల్లో ఏకాస్ తలుపు తట్టాలని ఏళ్లుగా లెక్క. జనవరి 31న ముగిస్తే ఏప్రిల్ 30 లోపు. వివక్షయితే ఆ ఘటన జరిగిన రోజు నుంచే లెక్క. బేరాలు నడుస్తున్నాయని ఈ గడియారం ఆగదు. 2025 డిసెంబరులో ఆమోదం పొందిన కొత్త ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ యాక్ట్ దీన్ని ఆరు నెలలకు పెంచుతోంది. మీ తేదీలకు ఏది వర్తిస్తుందో లాయరు నోట వినండి. వినేదాకా మూడు నెలలే అనుకోండి.

వీసా ఉన్నవాళ్లకు

నాకు అప్పటికే శాశ్వత నివాసం ఉంది. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్న నా స్నేహితుడికి మాత్రం డబ్బు కంటే తేదీ ముఖ్యమైంది. ఉద్యోగం ముగిశాక కంపెనీ పది పనిదినాల్లో హోమ్ ఆఫీస్‌కు చెప్పాలి. వాళ్లు సాధారణంగా వీసాను 60 రోజులకు కుదిస్తూ ఉత్తరం పంపుతారు. అంతకన్నా తక్కువ మిగిలి ఉంటే ఆ మిగిలినంతే. కొత్త స్పాన్సర్ దొరకాలన్నా, పిల్లల స్కూలు సంగతి చూసుకోవాలన్నా ఆ రెండు నెలలే.

వాడి ఒప్పందంలో నోటీసు డబ్బు చేతికిచ్చి ఆ శుక్రవారంతో ఉద్యోగం ముగిస్తామని ఉంది. వాడి సొలిసిటర్ ఒక్క మార్పు అడిగింది: డబ్బు వద్దు, నోటీసు కాలమంతా గార్డెన్ లీవ్ ఇవ్వండి. పనికి రానక్కర్లేదు, జీతం వస్తుంది, ఉద్యోగం మాత్రం మూడు నెలలు బతికే ఉంటుంది. కంపెనీకి ఖర్చులో పెద్ద తేడా లేదు, పన్నులోనూ పెద్ద తేడా లేదు, ఒప్పుకున్నారు. అరవై రోజుల గడియారం మొదలవకముందే వాడికి మూడు నెలలు దొరికాయి. ఇది ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ తెలిసిన మనిషితో కూడా ఖాయం చేసుకున్నాడు. ఇక్కడ ఇమిగ్రేషన్ సలహా ఎవరు పడితే వాళ్లు ఇవ్వకూడదు. సొలిసిటరో, బారిస్టరో, ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీలో నమోదైనవారో అయ్యుండాలి. వాట్సాప్ కన్సల్టెంట్లకు దండం పెట్టి వదిలేయండి.

బేరం

అడిగితే ఉన్నది కూడా పోతుందేమోనన్న భయం నాకు రెండు రాత్రులు నిద్ర పట్టనివ్వలేదు. ఆ భయం పూర్తిగా ఉత్తదీ కాదు. ఇక్కడి కాంట్రాక్టు చట్టంలో మీరు ఎదురు ఆఫర్ పెడితే మొదటి ఆఫర్ చచ్చిపోయినట్టే లెక్క. అందుకే ఆవిడ "పదిహేను వేలు ఇవ్వండి" అని రాయలేదు. "ఫలానా చెల్లింపులు ఎలాగూ రావాల్సినవి, కాబట్టి మిగిలిన మొత్తం మీద కంపెనీ మరోసారి ఆలోచించగలదా?" అని రాసింది. పైన "సబ్జెక్ట్ టు కాంట్రాక్ట్" అని పెట్టింది, అంటే సంతకాలయ్యేదాకా ఎవరూ దేనికీ కట్టుబడనట్టు. అందులో నోటీసును గార్డెన్ లీవ్‌గా మార్చమనీ, రెఫరెన్స్ పాఠాన్ని ఒప్పందానికి జత చేయమనీ, రహస్య నిబంధనలో భార్యాబిడ్డలకూ పన్నుల వాళ్లకూ లాయరుకూ మినహాయింపు ఇవ్వమనీ అడిగింది. ఆఖరిది లేకపోతే ఇంట్లో చెప్పినా ఒప్పందం మీరినట్టే. ఉగాది ఫంక్షన్లో "ఎంతొచ్చిందిరా?" అని అడిగే బాబాయిలకు మాత్రం మినహాయింపు ఉండదు, వాళ్లకు నవ్వే సమాధానం. పోలీసులకు నేరం గురించి చెప్పకుండా, ప్రజా ప్రయోజనం కోసం బయటపెట్టే హక్కు వాడుకోకుండా ఏ రహస్య నిబంధనా ఆపలేదు. అది కూడా కాగితంలో రాయించింది.

నాలుగు రోజులకు జవాబొచ్చింది. మూడు వేలు తొమ్మిది వేలైంది. గార్డెన్ లీవ్ సరే. లాయరు ఫీజు 400 నుంచి 600 చేశారు. డిసెంబరులో చేతికి రావాల్సిన షేర్లు మాత్రం ఇవ్వలేదు. స్కీము నిబంధనల్లో నోటీసులో ఉన్నవాళ్లకు రావని స్పష్టంగా ఉంది. నేను ఇంకోసారి అడగమన్నాను. "అడగొచ్చు. కానీ ఆ మెయిల్ ఖర్చు మీదే, వచ్చే అవకాశం తక్కువ" అంది ఆవిడ. అడగలేదు. ఇప్పటికీ ఆ షేరు ధర అప్పుడప్పుడు చూస్తుంటాను.

సంతకం రోజున ఆవిడ ఒక సంగతి చెప్పింది, నేనైతే పట్టించుకునేవాణ్ని కాదు. ఉద్యోగం జనవరి చివర్లో కదా ముగిసేది, ఇప్పుడు పెట్టే సంతకం ఇప్పటిదాకా జరిగినవాటికే. మధ్యలోని మూడు నెలల్ని కప్పడానికి ఆఖరి రోజున రీఅఫర్మేషన్ అని ఇంకో సంతకం అడుగుతారు, దానికీ లాయరు సలహా కావాలి. కొందరు దానికి మళ్లీ ఫీజు తీసుకుంటారు. ఆవిడ మొదటి మెయిల్‌లోనే అది కూడా కలిపి రాసిందట. వెతికి చూస్తే నిజమే, కింద చిన్న అక్షరాల్లో ఉంది.

జనవరి ఆఖరి వారంలో మళ్లీ ఆ బేకరీ మెట్లెక్కాను. కింద బ్రెడ్ వాసన, పైన హీటర్ చప్పుడు. కాగితం ఒక్క పేజీయే. నేను పెన్ను తీశాను. ఆవిడ పేజీ మీద చెయ్యి పెట్టి ఆపింది.

"ఈ మూడు నెలల్లో కంపెనీ నుంచి మీకు ఏమైనా ఫోన్లు, మెయిళ్లు వచ్చాయా? నాకు చెప్పాల్సినంతవి?"

ఆలోచించాను. క్రిస్మస్‌కు మేనేజర్ పంపిన గ్రీటింగ్ కార్డొక్కటే. అదీ చెప్పాను. ఆవిడ దాన్ని కూడా రాసుకుని, అప్పుడు చెయ్యి తీసింది.